చెంచాలతో వంతెన కట్టినవాడు

శ్రోతలందరికీ నమస్కారం.

సైన్యంలో ఉంటూ చనిపోయిన మా స్నేహితుడి గురించి ఎవరికైనా చెప్పడం మొదలుపెడితే ముందు వచ్చే ప్రశ్న "యుద్ధంలోనా అండీ?" అనే. కాదండీ, డ్యూటీలో ఉండగా మంచుచరియ విరిగిపడి పోయాడు అంటే, అయ్యో పాపం అని మాట మార్చేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. హిమాలయాల్లోని సియాచిన్ మంచు ప్రాంతంలో 1984 నుంచి మన సైనికులు కాపలా కాస్తున్నారు, అక్కడ తూటాల కంటే చలికీ, మంచుచరియలకీ, గాలి చాలకపోవడానికీ పోయినవాళ్ళే ఎక్కువ. 2016 ఫిబ్రవరిలో 19,000 అడుగుల పైన మద్రాస్ రెజిమెంట్ వాళ్ళు 10 మంది మంచు కింద కూరుకుపోయారు, అందులో మన కర్నూలు జిల్లా అబ్బాయి కూడా ఉన్నాడు. ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో బయటపడ్డ హనుమంతప్ప కోసం దేశమంతా మొక్కుకుంది, అయినా దక్కలేదు. వీళ్ళ మీదికి ఎవరూ తుపాకీ ఎత్తలేదని వీళ్ళ త్యాగం తక్కువైపోతుందా?

మావాడు మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో చేరాడు. 1780 నాటి దళం అది, సెంటర్ ఇక్కడే, బెంగళూరు అల్సూర్ చెరువు పక్కన. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఆదివారం అవుట్‌పాస్ దొరికిందంటే చాలు, బస్సెక్కి మారతహళ్ళిలో మేముండే ఆంధ్రా పీజీ హాస్టల్‌కి వచ్చేసేవాడు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి కడుపునిండా తిని, మా మంచాల మీద ఓ కునుకు తీసి, సాయంత్రం టైమ్ దాటిపోతుందని టెన్షన్ పడుతూ పరిగెత్తేవాడు. వాళ్ళ పనే రోడ్లు వేయడం, మందుపాతరలు తీయడం, వంతెనలు కట్టడం. బెయిలీ వంతెన ఎలా కడతారో ఓసారి మెస్ టేబుల్ మీద చెంచాలు, అగ్గిపుల్లలు పేర్చి చూపించాడు: ఇనుప ప్యానెళ్ళని పిన్నులతో కలిపి, రోలర్ల మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తోసేయడమే. ఒక్కో ప్యానెల్ మోయడానికి ఆరుగురు కావాలట, అరచేతుల్లో బొబ్బలు చూపించి మరీ చెప్పాడు, ఎంత సంబరమో ఆ ముఖంలో!

2024లో వయనాడ్‌లో కొండచరియలు ఊళ్ళని ఊడ్చేసినప్పుడు చూరల్‌మల దగ్గర 190 అడుగుల బెయిలీ వంతెన కట్టింది ఈ బెంగళూరు సాపర్సే. రెండు రోజులు తిరక్కుండానే కట్టేశారు. వాడు పోయి అప్పటికే కొన్నేళ్ళయింది, అయినా వానలో ప్యానెళ్ళు మోస్తున్న ఆ కుర్రాళ్ళని టీవీలో చూస్తూ, నేను ఒక్కొక్క ముఖం వెతుకుతూనే ఉన్నాను.

వాళ్ళమ్మని నేను పిన్నీ అంటాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఎలా పోయాడు, ఎంత ఇచ్చారు అనే అడుగుతారట. నేను ఫోన్ చేస్తే మాత్రం "ఆ చెంచాల వంతెన సంగతి చెప్పరా, మీ పీజీలో ఎన్ని ముద్దలు తినేవాడు?" అంటుంది. ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా వింటుంది.

డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినానికి మీకు తోచింది ఇవ్వండి, ఆ డబ్బు ఇలాంటి కుటుంబాలకి కూడా వెళ్తుంది. మీ ఊళ్ళో అలాంటి ఇల్లుంటే ఒకసారి వెళ్ళి, ఆ పిల్లాడికి ఏ కూర ఇష్టం, చిన్నప్పుడు ఎవరిని ఏడిపించేవాడు అని అడిగి చూడండి. మా పిన్నయితే రెండు గంటలు చెబుతుంది, అన్నం పెట్టకుండా మిమ్మల్ని గడప దాటనివ్వదు.