జీడిపిక్క పక్క దేశానికి ఎందుకు పోదు?

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఇంత ఉక్కలోనూ వచ్చి కూర్చున్న అమ్మలకు, అయ్యలకు నమస్కారం. కార్యదర్శి గారు నన్ను అంతర్జాతీయ వాణిజ్య నిపుణుడన్నారు. విశాఖ హార్బరు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో బిల్ ఆఫ్ ఎంట్రీలు, అంటే దిగుమతి సరుకుకు కస్టమ్స్‌కిచ్చే కాగితాలు, నింపి రిటైరైన గుమస్తాను నేను. నాకు తెలిసిందల్లా ఏ సరుకు ఏ దేశం నుంచి వచ్చింది, ఎవరి గోదాముకు పోయింది అన్నదే.

అంశం ఆఫ్రికా ఉమ్మడి మార్కెట్టు, వ్యవసాయ వాణిజ్యం. ముందు చెప్పాల్సినవి చెప్పేస్తాను. 2018 మార్చిలో రువాండా రాజధాని కిగాలీలో ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు మొదలయ్యాయి. ఆ తర్వాత ఒక్క ఎరిట్రియా తప్ప దేశాలన్నీ సంతకం పెట్టాయి. 2021 జనవరి 1 నుంచి వ్యాపారం మొదలైందన్నారు. ఆ ఒప్పందం ఆఫీసు ఘనా రాజధాని ఆక్రాలో ఉంది. 130 కోట్లకు పైగా జనం ఉన్న మార్కెట్టు. మిగతా వివరాలు మీ ఫోన్లలోనే దొరుకుతాయి. నేను జీడిపిక్కల దగ్గరికి వస్తాను.

ప్రపంచంలో జీడిపిక్కలు ఎక్కువగా పండించే దేశం ఐవరీకోస్ట్. ఈమధ్య పంట ఏడాదికి పది లక్షల టన్నులు దాటింది. పక్కనే ఘనా, బుర్కినా ఫాసో, కాస్త అవతల బెనిన్, అక్కడా అదే పంట. పిక్క కొట్టి పప్పు తీసే ఫ్యాక్టరీలు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నా, ఎక్కువ సరుకు పచ్చి పిక్కగానే ఓడెక్కుతుంది. వియత్నాం పోతుంది, మన దేశానికి వస్తుంది, కొంత మన శ్రీకాకుళం జిల్లా పలాసకూ చేరుతుంది. పలాసలో ఆడవాళ్లు జీడి నూనెకు చేతులు కాల్చుకుని తీసిన పప్పులో ఐవరీకోస్ట్ పిక్కా ఉంటుంది. ఈ ఒప్పందంతో పక్క దేశానికి సుంకం లేదంటే సంతోషమే. కొట్టే ఫ్యాక్టరీలు చాలినన్ని లేనప్పుడు పక్క దేశం ఆ పిక్కను ఏం చేసుకుంటుంది? పిక్క పోయేది ఓడకే.

రైళ్లూ అంతే. అక్కడ తెల్లవాళ్లు వేసిన పట్టాలు చాలావరకు గని నుంచో తోట నుంచో రేవుకు పోతాయి, పొరుగు దేశానికి పోవు. మనకు కొత్తా ఇది? 1933లో మన విశాఖ పోర్టు తెరిచింది మధ్య పరగణాల, అంటే ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు, మాంగనీసు కోసం. రాయపూరు లైను వేసిందీ అందుకే. తర్వాత కొత్తవలస - కిరండూల్ లైను బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేశారు. ఇప్పుడు మనం దాన్లో అరకు టూరుకు పోతున్నాం, అది వేరే సంగతి.

బియ్యం సంగతి కూడా చెప్పాలి. కాకినాడ నుంచి ఉప్పుడు బియ్యం బెనిన్‌కు పోతుంది. ఆ చిన్న దేశం అంత బియ్యం తింటుందా? అందులో చాలా భాగం దొంగదారిన నైజీరియా చేరుతుంది. నైజీరియా 2019 జులైలో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఆగస్టులో బియ్యం స్మగ్లింగు పేరు చెప్పి సరిహద్దులు మూసేసింది. 2020 డిసెంబరు దాకా తెరవలేదు. నవ్వకండి. వాళ్ల వరి రైతు కూడా అడిగాడు కదా, నా సంగతేంటని.

అసలు నేను మాట్లాడాలనుకున్నది 2018 గురించి. ఆ ఏడాది ఫిబ్రవరి బడ్జెట్‌లో మన ప్రభుత్వం పచ్చి జీడిపిక్కల మీద దిగుమతి సుంకం 5 శాతం నుంచి 2.5కు తగ్గించింది. మార్చిలో కిగాలీ సంతకాలు. అక్టోబరులో తిత్లీ తుపాను పలాస చుట్టుపక్కల ఉద్దానం జీడిమామిడి తోటల్ని నేలమట్టం చేసింది. నవంబరులో టాంజానియాలో వ్యాపారులు రేటు తెగ్గోస్తున్నారని అధ్యక్షుడు మగుఫులి పంటను కొనడానికి సైన్యాన్ని దింపాడు, కిలోకు 3,300 షిల్లింగులిస్తానని. డబ్బు అందడానికి రైతులు పడిగాపులు పడ్డారనుకోండి. అయినా ఒక దేశాధ్యక్షుడు జీడిపిక్క కోసం పటాలాన్ని పంపాడు! మనకు కనీసం మద్దతు ధర జాబితాలో జీడిపిక్క పేరే లేదు. ఐవరీకోస్ట్‌లో ప్రతి సీజనుకూ సర్కారు కనీస ధర ప్రకటిస్తుంది.

మా బావమరిదికి మందస దగ్గర తోట ఉంది. ఉద్దానం రైతులు 80 కిలోల బస్తాకు 16 వేలు అడుగుతూ రోడ్డెక్కిన రోజుల్లో ఒక రాత్రి ఫోన్ చేశాడు. "బావా, వైజాగ్‌లో ఆఫ్రికా ఓడ దిగిందట, నిజమేనా? రేటు తగ్గించేశాడు షావుకారు" అన్నాడు. ఆ వారం మన రేవుకు పిక్కల కంటైనర్ ఒక్కటీ రాలేదు. కాగితాలు నా ముందే ఉన్నాయి. మర్నాడు మా బావమరిది ఆ మాట చెబితే షావుకారు, "తూత్తుకుడిలో దిగిందిలే" అన్నాడు. దిగిన ఓడకూ రేటు పడుతుంది, దిగని ఓడకూ పడుతుంది. ఉద్దానం పిక్క మార్చి నుంచి రాలుతుంది. పశ్చిమ ఆఫ్రికా పంటా ఇంచుమించు అదే కాలం. అందుకే ఆ అబద్ధం నమ్మేలా ఉంటుంది.

మా ఉద్దానం వాళ్లు ఆఫ్రికా వాణ్ణి తిడతారు. తిట్టకండి బాబూ! అక్కడి రైతుకూ మనకూ నడుమ ఉన్నవాణ్ణి అడగండి. బెనిన్ 2024 ఏప్రిల్ నుంచి పచ్చి పిక్క ఎగుమతే ఆపేసింది, మా దగ్గరే కొడతామంది. రేపు మిగతా దేశాలూ అదే పని చేస్తే పలాస ఫ్యాక్టరీలు ఎవరి ఇంటి ముందుకొస్తాయి? ఉద్దానం రైతు ఇంటికే. ఆ రోజు మన రైతు ఏ రేటు అడగాలో తెలియక నిలబడకూడదు.

అధ్యక్షుల వారు చీటీ పంపారు, ముగిస్తాను. ఇక్కడ పోర్టు ఉద్యోగులున్నారు, విశ్వవిద్యాలయం పిల్లలున్నారు. ఏ ఓడ వచ్చింది, ఏం దించింది అన్నది రహస్యమేం కాదు. విశాఖలో, తూత్తుకుడిలో వారం వారం దిగిన జీడిపిక్కల లెక్క తెలుగులో ఒక కాగితం మీద రాసి పలాస, మందస, వజ్రపుకొత్తూరు, కవిటి సచివాలయాల బోర్డులకు అంటించాలి. రాసే పని నేను చేస్తాను, లెక్క తెచ్చిచ్చేవాళ్లు కావాలి. టీ దగ్గర ఉంటాను, పేర్లివ్వండి. ఫిబ్రవరి దాటితే ఈ ఏడాదికి లాభం లేదు.