లోపలి ప్యాడ్ చూశారా? కారు ముందు బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకుందాం

నమస్తే అండి. పని మొదలుపెట్టే ముందు నా చేతిలో ఉన్న ఈ రెండు ప్యాడ్లు చూడండి. రెండూ ఒకే చక్రానివి, ఒకే రోజు ఊడదీసినవి. దీని మీద లైనింగ్, అంటే అరిగే పొర, ఇంకా నాలుగు మిల్లీమీటర్లు ఉంది. దీని మీద అసలు లేదు, ఇనప రేకు బయటపడిపోయింది.

ఇది మూడేళ్ళ కిందటి మాట. తిరుమల ప్రయాణం పెట్టుకుని, బయల్దేరే ముందు మా స్విఫ్ట్‌ని ఒక షెడ్డులో చూపించాను. ఆయన చక్రం సందులోంచి ఫోన్ లైటు వేసి చూసి, ప్యాడ్లు ఇంకా చాలా దూరం వస్తాయన్నాడు. ఆయనకి కనిపించింది ఈ నాలుగు మిల్లీమీటర్లది, బయటి ప్యాడ్. దర్శనం చేసుకుని కొండ దిగుతున్నాం. దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు కదా, మలుపు మీద మలుపు. సగం దిగామో లేదో, బ్రేక్ తొక్కితే కుడి చక్రంలోంచి గరగరమని ఒకటే శబ్దం. వెనక సీట్లో మా అమ్మ, పిల్లలు. రెండో గేరులో పెట్టి, ఇంజిన్ పట్టు మీద మెల్లగా దించాను. తిరుపతిలో చక్రం విప్పిస్తే లోపలి వైపు నుంచి బయటపడింది ఇది. ఆ రోజు నుంచి నా బండి బ్రేకులు నేనే విప్పి చూసుకుంటున్నాను.

మరి ఒకటి మిగిలి, ఒకటి ఎందుకు అరిగిపోయింది? చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం డిస్క్, దాన్ని రెండు పక్కల నుంచీ ప్యాడ్లతో పట్టుకునేది కాలిపర్. బ్రేక్ తొక్కగానే కాలిపర్‌లో ఉన్న పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్క్ మీదకి నెడుతుంది. ఆ నెట్టుడుకి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జరిగి, బయటి ప్యాడ్‌ని ఇటు నుంచి లాక్కొస్తుంది. పిన్నులు జారినంత కాలం రెండూ సమానంగా అరుగుతాయి. పిన్నులో గ్రీజు ఎండిపోయి, తుప్పు పట్టి బిగుసుకుందా, కాలిపర్ కదలదు, భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. మా బండికి జరిగింది అదే. అందుకే కొత్త ప్యాడ్లు పెట్టేసి ఊరుకుంటే పని అయినట్టు కాదండి, పిన్నులు చూడాలి.

రండి, బండి దగ్గరికి. చదునైన గచ్చు మీద ఆపాను, హ్యాండ్ బ్రేక్ వేశాను, గేరులో ఉంచాను, వెనక చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు పెట్టాను. వీల్ నట్లు చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తాను. ఒక్క జాకీని మాత్రం నమ్మొద్దు. ఇదిగో, కింద స్టాండ్ పెట్టాను. ఊడదీసిన చక్రాన్ని కూడా బండి కిందకే తోసేశాను, జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది.

స్టీరింగ్ ఇటు తిప్పితే కాలిపర్ మన వైపు వస్తుంది. కింది బోల్టు తీసి, కాలిపర్‌ని పైకి తలుపులా ఎత్తితే ప్యాడ్లు చేతికొస్తాయి. పిన్నులు తీయాలి కాబట్టి నేను రెండు బోల్టులూ తీస్తున్నాను. ఇక్కడ జాగ్రత్త. కాలిపర్‌ని బ్రేక్ గొట్టానికి వేలాడదీయొద్దు, ఆ రబ్బరు గొట్టం లోపల చిట్లితే బయటికి కనపడదు. నేను ఒక తీగతో పైనున్న సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టేశాను. ఈ నల్లటి పొడిని నోటితో ఊదకండి, పీల్చకండి. మాస్కు పెట్టుకుని, బ్రేక్ క్లీనర్ కొట్టి, తడిగానే తుడిచేయండి.

ఇప్పుడు పిన్నులు. లాగితే ఇలా సాఫీగా రావాలి. పైది, కిందది ఒకేలా కనిపిస్తాయి గానీ కొన్ని బళ్ళలో ఒకదానికి చివర రబ్బరు తొడుగు ఉంటుంది, కాబట్టి మార్చి పెట్టకండి. పాత గ్రీజు పూర్తిగా తుడిచేసి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. ఇంట్లో ఉంది కదా అని మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి, పిన్ను మళ్ళీ బిగుసుకుంటుంది. పిన్ను మీద కప్పి ఉండే రబ్బరు బూటు చిరిగి ఉంటే అదీ మార్చండి, నీళ్ళు చేరేది అక్కడినుంచే. ప్యాడ్ రెండు చివర్లా ఉండే చెవులు కూర్చునే చోట తుప్పుని వైర్ బ్రష్‌తో గీకేయండి. కొత్త ప్యాడ్ చేత్తో నెడితే జరగాలి, సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే అక్కడ ఇంకా తుప్పు ఉందని అర్థం.

డిస్క్ మీద గోరు పెట్టి గీయండి. లోతైన గాడులు తగులుతున్నా, అంచు బాగా లేచి ఉన్నా మందం కొలిపించండి. ఎంతవరకు అరగొచ్చో డిస్క్ మీదే అంకె పోత పోసి ఉంటుంది.

కొత్త ప్యాడ్లు మందం ఎక్కువ కాబట్టి పిస్టన్ వెనక్కి వెళ్ళాలి. ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ అందులో ఆయిల్ మట్టం దిగుతుంది. మధ్యలో ఎవరైనా నిండా పోసి ఉంటే, ఇప్పుడు పిస్టన్ నెట్టగానే పొంగి పొర్లుతుంది. అది పెయింట్‌ని తినేస్తుంది, పడితే వెంటనే నీళ్ళతో కడగాలి. నిండుగా ఉంటే సిరంజితో కాస్త తీసేయండి. ఇక పాత ప్యాడ్‌ని పిస్టన్ మీద అడ్డం పెట్టి, సి క్లాంప్‌తో, అంటే సి ఆకారంలో ఉండే మర బిగింపుతో, మెల్లగా, చాలా మెల్లగా బిగించండి. పిస్టన్ చుట్టూ తడి కనిపిస్తే ఆపేసి మెకానిక్‌ని పిలవండి, అది సీలు పోయిన లక్షణం.

ప్యాడ్ అరిగిపోయినప్పుడు డిస్క్‌కి తగిలి శబ్దం చేసే చిన్న రేకు ఉన్న ప్యాడ్‌ని పాతది ఏ వైపు ఉందో అదే వైపు పెట్టండి. లైనింగ్‌కి గ్రీజు చెయ్యి తగలనివ్వొద్దు. బోల్టులు, చక్రం బిగించేశాక రెండో వైపూ ఇదే పని. ఒక్క చక్రానికే మార్చి ఆపకండి, బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకి లాగుతుంది.

ఇప్పుడు నేను ప్రాణం పెట్టి చెప్పే మాట. బండి కదిపే ముందు బ్రేక్ పెడల్ తొక్కండి. చూశారా, నేలకి ఆనిపోయింది! పిస్టన్ వెనక్కి నెట్టాం కదా, అది మళ్ళీ ప్యాడ్ దాకా రావాలి. గట్టిపడేదాకా తొక్కుతూనే ఉండండి. ఇది మర్చిపోయి రివర్స్ తీసినవాళ్ళకి మొదటి బ్రేక్ పడదు. పిల్లలు ఆడుకునే వీధి అండి అది. పెడల్ గట్టిపడ్డాక ఆయిల్ మట్టం మళ్ళీ చూసి, ఇంజిన్ వేసి ఇంకోసారి తొక్కి చూడండి.

మొదటి రెండు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు వద్దు. ఖాళీ రోడ్డు మీద యాభై వేగం నుంచి పదికి మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ఓ ఇరవై సార్లు చేస్తే ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి కుదురుకుంటాయి. మర్నాడు వీల్ నట్లు ఒకసారి చూసుకోండి.

ఇవిగో, ఇవాళ తీసిన పాత ప్యాడ్లు. ఆ కుడి చక్రానివే. పిన్నులకి ఏటా గ్రీజు పెడుతూ వచ్చాను. స్కేలు పెడుతున్నా, దగ్గరగా చూడండి. బయటిది మూడు మిల్లీమీటర్లు. లోపలిది... మూడుకి వెంట్రుకవాసి తక్కువ.