మూడున్నర రూపాయల మిత్తి

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, ఇంత ఎండలోనూ హాలు నిండేట్టు వచ్చిన విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. శాలువా కార్యక్రమాన్ని చివరికి ఉంచమని నిర్వాహకులను ముందే కోరాను; నేను చెప్పబోయేది విన్నాక దాన్ని నాకు కప్పాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు.

పాలమూరు జిల్లాలోని బ్యాంకు శాఖల్లో 31 ఏళ్లు గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. యువతకు బ్యాంకు కార్డుల గురించి చెప్పమన్నారు. డెబిట్ కార్డు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అది మీ ఖాతాలో మీరు దాచుకున్న డబ్బుకు తాళంచెవి. పెట్టెలో ఎంత ఉంటే అంతే తీయగలుగుతారు. క్రెడిట్ కార్డు చూడటానికి అచ్చం దానిలాగే ఉంటుంది. అదే కొలత, వెనుక అవే మూడు సీవీవీ అంకెలు, కొట్టులో అదే మిషను. కానీ దాన్ని గీకిన ప్రతిసారీ మీరు అప్పు చేస్తున్నారు, ఆ అప్పుకు పత్రం రాయించుకునేవాడు ఎదురుగా కనిపించడు, అంతే తేడా.

మన పల్లెల్లో అప్పుకు వెళ్లేవాడు మొదట అడిగే మాట "ఎన్ని రూపాయల మిత్తి?" అని. మిత్తి అంటే వడ్డీయే. నూటికి నెలకు రూపాయి అంటే ఒప్పుకుంటాడు, రెండు అంటే ఇంట్లో అడిగి వస్తానంటాడు, మూడు అంటే తల అడ్డంగా ఊపుతాడు. ఆ మూడు రూపాయలకు తెచ్చుకున్నవాణ్ని చూసి ఊరు జాలిపడుతుంది. ఇప్పుడు మీ జేబులోని కార్డు సంగతి చూడండి. చాలా క్రెడిట్ కార్డుల మీద వడ్డీ నెలకు మూడు నుంచి మూడుంబావు, మూడున్నర, మూడుముప్పావు శాతం దాకా ఉంటుంది. ఏడాదికి 36 నుంచి 45 శాతం అన్నమాట. అంటే మూడున్నర రూపాయల మిత్తి. ఆ మాటను ఆ భాషలో చెబితే మీ అమ్మ ఒక్క క్షణంలో అర్థం చేసుకుంటుంది, కాబట్టే ఆ భాషలో ఎవరూ చెప్పరు. 30 శాతం మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది కానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. కాబట్టి ఎవరో వచ్చి ఆపుతారని ఎదురుచూడకండి.

అలాగని కార్డు చెడ్డదని నేను అనను. మీ బిల్లు ప్రతి నెలా 5వ తేదీన తయారై, కట్టడానికి గడువు 25 అనుకోండి. 6వ తేదీన కొన్న వస్తువు వచ్చే నెల 5న బిల్లులోకి ఎక్కుతుంది, 25న కడితే సరిపోతుంది. దాదాపు 50 రోజులు పైసా మిత్తి లేకుండా మీ చేతిలో డబ్బు తిరుగుతుంది. అదే వస్తువు 4న కొంటే మరునాడే బిల్లులో పడి, మూడు వారాలే మిగులుతాయి. అయితే ఈ సౌకర్యమంతా గడువులోగా మొత్తం బిల్లు కట్టినవారికే. కొంత ఆపితే కొన్న నాటి నుంచే మిత్తి మొదలవుతుంది, ఆపైన కొత్తగా కొన్నవాటికీ ఆ గడువు ఉండదు. ఇక ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి నగదు తీస్తే మొదటి రోజు నుంచే మిత్తి, దాని మీద ఫీజు వేరు. ఆ పని మాత్రం చేయకండి.

బిల్లులో "కనిష్ఠ మొత్తం" అని ఒక గడి ఉంటుంది. నేను ఈ రోజు ఇక్కడికి వచ్చింది ఆ గడి గురించే.

మా అక్క కొడుకు పోలేపల్లిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో 30,000 రూపాయల ఫోను కార్డు మీద కొన్నాడు. ఆ గడిలో ఉన్నంతే, ప్రతి నెలా బాకీలో ఐదు శాతం, అంటే మొదట 1,500 రూపాయలు, గడువు తప్పకుండా కట్టాడు. అప్పు తీరుతోందని వాడి నమ్మకం. ఒక ఆదివారం బిల్లు తెచ్చి నా ముందు పెట్టాడు. ముప్పై వేల మీద మూడున్నర రూపాయల లెక్కన నెల మిత్తి 1,050. ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్టీ, 189 రూపాయలు. ఊళ్లో షావుకారి మిత్తి మీద ఇంకో పన్ను వేయడు, ఇక్కడ అదీ ఉంది. రెండూ కలిపి 1,239. వాడు కట్టిన 1,500లో అసలుకు చేరింది 261 రూపాయలు. పదకొండు నెలల్లో పదిహేను వేలకు పైగా కట్టాడు. బాకీ ఇంకా ఇరవై ఏడు వేల చిల్లర ఉంది. ఫోను తెర అప్పటికే పగిలింది.

నేను కోప్పడ్డాను. వాడు నెమ్మదిగా అన్నాడు: "మామా, గింత కడితే సాలని నువ్వే చెప్పినవ్ గద."

నిజమే. ఆ దరఖాస్తు నింపించింది నేనే. ఆ ఏడాది మా శాఖకు ఇన్ని కార్డులు అంటగట్టాలని లక్ష్యం పెట్టారు. మార్చి నెలాఖరుకు నా వాటాలో నాలుగు తక్కువ పడ్డాయి. బంధువుల చేత సంతకాలు పెట్టించాను. "నెలకు ఐదు శాతం కడితే చాలు, ఎవరూ అడగరు" అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. అందులో అబద్ధం లేదు. అపరాధ రుసుము పడదు, ఎవరూ ఫోను చేయరు. మిత్తి ఎంతో మాత్రం వాడు అడగలేదు, నేను చెప్పలేదు. మా నాయన కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని డ్యాముల పనికి పోయేవాడు; ఏడాది చాకిరీ చేసి వచ్చి లెక్క చూసుకుంటే ఇంకా బాకీ తేలేది. ఆ మేస్త్రీని మా ఇంట్లో ఇప్పటికీ తిట్టుకుంటాం. ఆ బిల్లు చూసిన రోజు రాత్రి నాకు ఆ మేస్త్రీయే గుర్తుకొచ్చాడు.

మిగిలినవి త్వరగా చెబుతాను. అడగకుండా ఎవరూ మీకు కార్డు పంపకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనల్లో స్పష్టంగా ఉంది. బాకీ లేని కార్డును మూసేయమని మీరు కోరితే ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున వారే మీకు చెల్లించాలి. ఈ సంగతి నాకు తెలిసి ఏ కౌంటరులోనూ చెప్పరు. గడువు తప్పితే ఆ మచ్చ మీరు అప్పులు తీర్చే తీరుకు 300 నుంచి 900 వరకు వేసే మార్కుల మీద, అంటే మీ సిబిల్ స్కోరు మీద పడి, రేపు ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు ఎదురొస్తుంది. ఓటీపీ మీరే చెప్పి డబ్బు పోగొట్టుకుంటే బ్యాంకుకు తెలియజేసేవరకూ నష్టం మీదే. కాబట్టి పోయిన నిమిషంలోనే కార్డు ఆపించి, సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేయండి, ఇంట్లో తిడతారని దాచకండి.

మా వాడి అనుమతితో ఆ బిల్లు తెచ్చాను, పేరు, నంబరు నల్ల సిరాతో కొట్టేసి జిరాక్సులు తీయించాను. ముందు వరుస నుంచి వెనక్కి పంపించండి. అందులో నెలకు ఎన్ని రూపాయల మిత్తో రాసి ఉన్న చోటు వెతికి, కింద గీత గీయండి. అక్షరాలు చాలా చిన్నవి. దొరకనివారు చేయి ఎత్తండి, నేను కిందికి దిగి మీ దగ్గరికే వస్తాను.