పెరట్లో ఓ చిన్న బంద

అందరికీ నమస్కారం. పెరట్లో బంద, అంటే సహజంగా కనిపించే చిన్న చెరువు, ఎలా తవ్వుకోవాలో చెప్పమని మైకు ఇచ్చారు కదా అని సాగదీయను, ముందు నా తప్పు చెప్పేస్తాను. విజయనగరంలో మా పెరట్లో నేను మొదట కట్టించింది చెరువు కాదు, స్నానాలగది. సిమెంటు తొట్టె, నిటారు గోడలు, నీలం టైల్స్, చుట్టూ పూసలదండలా తెల్లరాళ్లు. మా పెద్దమ్మ చూసి "సబ్బెక్కడ పెట్టావురా?" అంది. తర్వాత అందులో పడ్డ ఉడత ఒకటి పైకెక్కలేక చచ్చిపోయింది. ఆ వారమే పగలగొట్టించేశాను.

రెండోసారి పార పట్టుకునే ముందు ఊరి బంద దగ్గరికి వెళ్లి ఓ గంట కూర్చున్నాను. మీరూ వెళ్లండి. బందకి ఒకవైపే ఎత్తు గట్టు ఉంటుంది, రెండోవైపు నేల మెల్లగా నీళ్లలోకి దిగిపోతుంది, గడ్డి ఎక్కడ ఆగిందో నీరు ఎక్కడ మొదలైందో తెలీదు. పశువులు దిగేదీ, కొంగలు నిలబడేదీ ఆ పల్లంవైపే. సహజంగా ఉండడమంటే నాకు అర్థమైంది అదే, అంచు కనపడకపోవడం. ఫౌంటెను, సిమెంటు కొంగబొమ్మ దండగ. అసలు కొంగే వస్తుంది, మీ చేపల్ని తినడానికి.

ఇక పని. తాడు నేలమీద పరిచి ఆకారం చూసుకోండి, మీరు రోజూ కూర్చునే అరుగు మీంచే చూడండి. చెట్టుకింద మాత్రం వద్దు, ఆకులు రాలి కుళ్లి నీరు కంపు కొడుతుంది, పైగా కలువకి రోజూ ఐదారు గంటల ఎండ కావాలి. మధ్యలో రెండడుగుల లోతు, అడుగు లోతులో కుండీలకి ఓ మెట్టు, ఒకవైపు వాలు. మన ఎర్రనేలలో నీరు ఇంకిపోతుంది కాబట్టి అడుగున ప్లాస్టిక్ షీటు తప్పదు. పొడవుకి లోతు రెండింతలు కలిపి, అటూ ఇటూ అడుగు వదలండి, వెడల్పుకీ అంతే. పది అడుగులు, ఆరు అడుగుల గుంతకి 16, 12 అడుగుల షీటు. కింద ఇసుక, పాత గోనెసంచులు. అంచుని మేస్త్రీ నీళ్ల పైపుతో మట్టం చూడాల్సిందే, ఒక పక్క రెండంగుళాలు ఎత్తైతే నల్లషీటు జీవితాంతం పళ్లికిలిస్తుంది. రాళ్లని సగం మట్టిలో పాతండి, సందుల్లో తుంగ నాటండి.

చెరువుకి కళింగ, అంటే నిండితే నీరు పొర్లిపోయే చోటు, ఉన్నట్టే దీనికీ ఒకచోట అంచు అంగుళం దించి, పొంగిన నీరు అరటిపాదులోకి పోయేలా చేయండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు.

దోమలా? గుడ్డు దోమయ్యేది వారం పది రోజుల్లో, ఆలోపే గప్పీ చేపలు పిల్లపురుగుల్ని తినేస్తాయి. కానీ ఆ గప్పీల్ని తీసుకెళ్లి గెడ్డల్లో, అంటే వాగుల్లో, వదలకండి. మొదటి రెండు మూడు వారాలు నీరు పచ్చబడితే టెన్షన్ పడి తోడేయొద్దు, కొత్తనీరు పోస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. కలువాకులు సగం నీటిని కప్పేదాకా ఆగండి. కలువ కుండీలో బంకమట్టి చాలు, పెంట ఎరువు వేయకండి. నీటిమీద తేలే కలుపుమొక్క గుర్రపుడెక్క ఊరికే ఇస్తానన్నా తీసుకోవద్దు.

చిన్నపిల్లలుంటే కంచె వేశాకే నీరు పోయండి, లేదంటే పిల్లలు పెద్దయ్యేదాకా ఆగండి. ఇందులో మొహమాటం లేదు.

పాములొస్తాయా అంటే, నీరుకట్టె రావచ్చు, కప్పల కోసం. దానికి విషం లేదు. ఎవరైనా చూడాలంటే మా ఇంటికి రండి, చెప్పులు గుమ్మం దగ్గరే విప్పేయండి, వాలువైపు బురద.