వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడలో... వెళ్లొచ్చా, వద్దా?

హాయ్ అండీ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో స్కూబా డైవింగ్ లేదు, గాజు అడుగున్న పడవ లేదు. అండమాన్ మీద అలాంటి వీడియోలు బోలెడున్నాయి. నేను వెళ్లింది పోర్ట్ బ్లెయిర్ ఊరు చూద్దామని. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, నన్ను ఎక్కించుకున్న ఆటోవాళ్లంతా పోర్ట్ బ్లెయిర్ అనే అన్నారు, నా నోటికీ అదే వస్తోంది.

అసలు ఎందుకెళ్లానంటే, ఇదిగో, ఈ పీట. దగ్గరగా చూపిస్తా చూడండి. ఇది పడౌక్ చెక్క, అండమాన్ అడవుల్లో దొరికేది. చూడ్డానికి గోధుమరంగులో ఉంది కదా, తడిగుడ్డతో ఇలా ఒకసారి తుడిస్తే... చూశారా ఆ ఎరుపు? బరువు మాత్రం అడక్కండి, చిన్నప్పుడు కాలి మీద పడి బొటనవేలి గోరు ఊడిపోయింది. మా పెదనాన్న పోర్ట్ బ్లెయిర్‌లోని చాథమ్ సామిల్లులో, అంటే దుంగలు కోసే మిల్లులో, కొన్నేళ్లు పనిచేసి, వచ్చేటప్పుడు తెచ్చారు. ఒక కాలు కొంచెం పొట్టి, దానికింద సైకిల్ ట్యూబు ముక్క అంటించింది కూడా ఆయనే. ఆయన లేరు ఇప్పుడు. వైజాగ్ వన్‌టౌన్‌లో మా పాత ఇల్లూ లేదు, అపార్ట్‌మెంట్ వచ్చేసింది. పీట ఒక్కటే మిగిలింది.

సరే, ఓడ సంగతి. వైజాగ్ నుంచి నెలకి ఒకటి, అదీ అటూ ఇటూగా. తేదీ నమ్ముకుని ఆఫీసులో సెలవు పెట్టకండి, నాకు ఒక రోజు వాయిదా పడింది, ఆ మాట నేను బ్యాగులతో వెళ్లి కౌంటర్ దగ్గర నిలబడ్డాక చెప్పారు. దూరం దాదాపు 1200 కిలోమీటర్లు, రెండున్నర రోజులు అనుకోండి, సముద్రం మూడ్‌ని బట్టి ఇంకాస్త. నేను తీసుకున్నది బంక్, అంటే హాల్లో వరసగా మంచాలు, కిందొకటి పైనొకటి. దుప్పటి, దిండు మీవి మీరు తెచ్చుకోండి, పచ్చడి సీసా అయితే మర్చిపోనే పోకండి, ఎందుకంటే క్యాంటీన్ పప్పు మొదటి పూట బాగానే ఉంటుంది, నాలుగో పూటకి ప్లేటు చూస్తేనే కడుపు నిండిపోతుంది. బాత్రూముల గురించి మాట్లాడను. రెండో రోజు నాకు వాంతులు. ఫోన్ సిగ్నల్ సున్నా.

కానీ ఓడ కదిలాక మొదటి అరగంట ఉంది చూశారూ, టికెట్ డబ్బులు దానికే చెల్లిపోయాయి. పోర్టు ఛానల్‌లోంచి బయటికి వస్తుంటే కుడిపక్క యారాడ కొండ, అదే డాల్ఫిన్స్ నోస్, గోడలా నిలబడి ఉంటుంది. ఎడమపక్క వన్‌టౌన్ మూడు కొండలు, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. పుట్టి పెరిగిన ఊరే, కానీ ఈ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదండీ! గుడి మెట్ల మీద మనుషులు కనిపిస్తున్నారు, జూమ్ చేసి తీశాను. ఈ క్లిప్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

ఇప్పుడు రాస్ ఐలాండ్. మన మేరీమాత కొండని కూడా రాస్ హిల్ అంటారు కదా, ఆ రాస్ వేరు ఈ రాస్ వేరు, ఇది డేనియల్ రాస్ అనే మెరైన్ సర్వేయర్ పేరు. 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్ జెట్టీ నుంచి చిన్న బోటులో పావుగంట పట్టింది. 1858 నుంచి తెల్లదొరలు అండమాన్ మొత్తాన్ని ఈ చిన్న దీవి మీద నుంచే ఏలారు. చర్చి, బేకరీ, ప్రెస్సు, టెన్నిస్ కోర్టు, ఈతకొలను, అన్నీ కట్టుకున్నారు, కట్టింది మాత్రం ఖైదీలు. 1941లో భూకంపం వచ్చి అక్కణ్నుంచి ఖాళీ చేసి వెళ్లిపోయారు, మరుసటి ఏడాది జపాన్ వాళ్లు దిగారు. ఇప్పుడు గోడల్ని మర్రిజాతి చెట్ల వేళ్లు పట్టుకుని ఉన్నాయి, ఎక్కడ ఇటుకో ఎక్కడ వేరో తెలీదు. బేకరీ గుమ్మంలో ఒక జింక నిలబడి నా చేతిలో బిస్కెట్ ప్యాకెట్ వైపే చూస్తోంది.

అందంగా ఉందా అంటే ఉంది. కానీ నిజం చెప్పాలంటే నాకేమీ అనిపించలేదు. దొరగారి బంగళా కూలిపోతే నాకేం దిగులండీ? అందరూ రాస్ ఐలాండ్‌లో నాస్టాల్జియా అంటారు, ఎవరి నాస్టాల్జియా అది?

సెల్యులార్ జైలు దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. 1906కి కట్టడం పూర్తయింది, మొదట ఏడు వరసలు, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరస గదుల ముఖం ఇంకో వరస వీపుకి వచ్చేలా కట్టారు, ఎదురుగా ఇంకో మనిషి మొహం కూడా కనపడకూడదని. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొరని ఈ అండమాన్‌కే పంపారు, తర్వాత 1952లో ఆయన మన విశాఖపట్నం నుంచే ఎంపీ అయ్యారు. మా స్కూల్లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఇక నాకు బాగా నచ్చింది అబర్డీన్ బజార్. గడియార స్తంభం, ఇరుకు రోడ్డు, స్టీలు సామాన్ల కొట్లు. ఎండుచేపల వాసన కొట్టగానే నాకు పూర్ణామార్కెట్ వెనక సందు గుర్తొచ్చింది, అదీ నా చిన్నప్పటి సందు, ఇప్పుడున్నది కాదు. కూరగాయలమ్మే ఆవిడ దగ్గర హిందీలో బేరమాడుతున్నా. నా హిందీ విని నవ్వేసి, "ఏటి బాబూ, మనోళ్లేనా? ఏ ఊరు?" అంది. వైజాగ్ పిన్నీ అన్నా. "మాది సంతబొమ్మాళి కాడ. మా గుంటలిద్దరూ ఇక్కడే పుట్టినారు, మన ఊరు సూడనే లేదు" అని రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువేసింది. 2011 లెక్కల్లో అండమాన్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి 13 మంది. లెక్క ముందే చదువుకునే వెళ్లాను. కానీ ఆ 'ఏటి' వినగానే... మా మామ్మ పోయాక ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనడం లేదు. మేమంతా టీవీ తెలుగులోకి మారిపోయాం.

చాథమ్ కూడా వెళ్లా. బ్రిడ్జి దాటితే చిన్న దీవి, సామిల్లు 1883 నాటిది. జపాన్ వాళ్ల బాంబు పడ్డ గొయ్యి చూపించి ఫొటోలు దిగమంటారు. నేను దుంగల వాసన పీల్చుకుంటూ నిలబడ్డా. పెదనాన్న ఏ షెడ్‌లో చేశారో ఎవర్ని అడగాలో కూడా తెలీలేదు.

రివ్యూ అన్నాక చెప్పాలి కదా. పిల్లలతో, పెద్దవాళ్లతో అయితే ఓడ వద్దు, విమానంలో వెళ్లండి. ఒంటరిగా, ఓపిక ఉంటే ఒక్కసారి ఓడ ఎక్కండి, వచ్చేటప్పుడు మాత్రం విమానమే, నేనూ చెన్నై మీదుగా అలాగే వచ్చా. చలికాలంలో అక్కడ ఐదున్నరకే చీకటి పడిపోతుంది, ఏం చూసినా పొద్దున్నే మొదలెట్టండి.

ఇంటికొచ్చాక పెద్దమ్మకి వీడియోలన్నీ చూపించా. జైలు, జింక, ఏదీ పట్టించుకోలేదు. ఓడ బయల్దేరే క్లిప్ రాగానే ఆపమంది. పెదనాన్న వెళ్లిన ప్రతిసారీ ఆవిడ ఆ గుడి మెట్ల మీద నిలబడేదట, ఓడ యారాడ కొండ దాటేదాకా. "నువ్వు కనిపిస్తూనే ఉన్నావే అనేవారు మీ పెదనాన్న, ఊరికే అంటారనుకునేదాన్ని" అంది. జూమ్ చేశా. మెట్ల మీద ఎవరో ఆవిడ, మొహం తెలీదు గానీ చీర పసుపని తెలుస్తోంది.

"ఇంకొంచెం పెద్దది చెయ్యి" అంది పెద్దమ్మ.