సముద్రంలో "అది మా పరిధి కాదు" అనే జవాబు ఎందుకు చెల్లదు?

నమస్కారం. మధ్యధరా సముద్రంలో వలసదారుల పడవ మునిగిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ కొందరు ఒకే మాట అంటుంటారు: ఆ చోటు ఫలానా దేశపు రక్షణ ప్రాంతంలో, అంటే ఆపదలో ఉన్నవారిని కాపాడే పనిని ఆ దేశం చూసుకోవలసిన సముద్ర భాగంలో, ఉంది కాబట్టి మిగతా దేశాలకు సంబంధం లేదని. ఈ మాట తప్పు, పైగా ప్రాణాలు తీసిన తప్పు. 2013 అక్టోబరు 11న జరిగిన ఒక్క ఘటనను పట్టుకుని అదెలాగో వివరిస్తాను.

[తెరపై మ్యాపు: లిబియా తీరం, లాంపెడూసా, మాల్టా]

లిబియాలోని జువారా నుంచి బయలుదేరిన ఒక చేపల పడవలో నాలుగు వందల మందికి పైగా ఉన్నారు. వారిలో ఎక్కువమంది యుద్ధం నుంచి తప్పించుకు వచ్చిన సిరియా కుటుంబాలవారు. దారిలో తగిలిన తుపాకీ గుళ్లకు చిల్లులు పడి పడవలోకి నీరు రావడంతో, అందులోని ఒక వైద్యుడు శాటిలైట్ ఫోనులో రోమ్‌లోని రక్షణ సమన్వయ కేంద్రాన్ని పిలిచి, తమతో పిల్లలు కూడా ఉన్నారని చెప్పాడు. పడవ ఉన్న చోటు ఇటలీ దీవి లాంపెడూసాకు సుమారు 61 నాటికల్ మైళ్లు, మాల్టాకు 118 మైళ్లు. కానీ లెక్క ప్రకారం అది మాల్టా రక్షణ ప్రాంతం. అందుకని రోమ్ అధికారులు మాల్టాకు ఫోను చేయమన్నారు. మాల్టావారు మీరు లాంపెడూసాకే దగ్గరగా ఉన్నారన్నారు. ఇటలీ నౌకాదళపు గస్తీ నౌక లిబ్రా సుమారు గంట ప్రయాణ దూరంలోనే ఉన్నా దాన్ని సకాలంలో పంపలేదు. మొదటి ఫోను ఉదయం వెళ్లింది, పడవ సాయంత్రం అయిదు దాటాక బోల్తా పడింది. రెండు వందల మందికి పైగా మరణించారు. వారిలో దాదాపు 60 మంది పిల్లలు.

ఈ వ్యవహారం మనకు కొత్తది కాదు. "అది మా స్టేషను పరిధిలోకి రాదు, పక్క స్టేషనుకు వెళ్లండి" అన్న మాట ఎన్ని కుటుంబాలు వినలేదు? 2019లో శంషాబాద్ దగ్గర జరిగిన దిశ ఘటనలో ఫిర్యాదు నమోదులో ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. అందుకే జీరో ఎఫ్‌ఐఆర్ అంటే ఏమిటో మనలో చాలామందికి తెలుసు: ఎవరి దగ్గరికి ముందు వస్తే వారే నమోదు చేసుకోవాలి, పరిధి సంగతి తరువాత తేల్చుకోవాలి.

సముద్రంలోనూ నియమం అదే. 1979 నాటి హాంబర్గ్ ఒప్పందం కింద గీసుకున్న రక్షణ ప్రాంతాలు స్టేషను పరిధుల వంటివే. సహాయాన్ని ఎవరు సమన్వయం చేయాలో అవి చెబుతాయి తప్ప, అవతలివారు చేతులు కట్టుకుని కూర్చోవచ్చని చెప్పవు. ఆపద కబురు ముందుగా అందుకున్న కేంద్రం, ఆ ప్రాంతపు కేంద్రం పని చేపట్టేదాకా బాధ్యత వదలకూడదని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2004 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఇది అక్షరాలా సముద్రపు జీరో ఎఫ్‌ఐఆర్. ఇక 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందంలోని 98వ అధికరణం ప్రకారం, ఓడకు తీవ్ర ప్రమాదం లేనంతవరకు ఏ కెప్టెనైనా ఆపదలో ఉన్నవారిని కాపాడాలి. మర్చంట్ నేవీలో పనిచేసే మన తెలుగువారికి ఇది బాగా తెలిసిన సంగతి.

మరి చట్టం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు తగాదా ఎక్కడిది? కాపాడిన తరువాత వారిని ఎక్కడ దించాలన్నదే అసలు తగాదా. పోలీసు పోలికనే కాస్త పొడిగిస్తే, గాయపడిన మనిషిని దగ్గరలోని ఆస్పత్రిలో చేర్చాలా, పరిధి ఎవరిదో వారి ఊరి ఆస్పత్రిలో చేర్చాలా అన్న ప్రశ్న ఇది. దగ్గరి సురక్షిత రేవులో దించాలని మాల్టా అంటుంది, రక్షణ ప్రాంతం ఎవరిదో వారే చోటు చూపాలని ఇటలీ అంటుంది. దించే చోటు గురించి హాంబర్గ్ ఒప్పందానికి చేసిన 2004 సవరణలను మాల్టా అంగీకరించలేదు. దాని ఇబ్బంది నిజమైనదే: 316 చదరపు కిలోమీటర్ల దేశానికి సుమారు 2,50,000 చదరపు కిలోమీటర్ల రక్షణ ప్రాంతం ఉంది, యూరప్‌లో మొదట అడుగుపెట్టిన దేశమే శరణు దరఖాస్తును చూడాలన్న డబ్లిన్ నిబంధన ఆ భారాన్ని ఇంకా పెంచుతుంది. అయినా ఈ లెక్కలన్నీ మనుషులు ఓడ ఎక్కిన తరువాత తేల్చుకోవలసినవి. ఫోను మోగుతుండగా తేల్చుకోవాలనుకోవడం నా దృష్టిలో క్షమించరానిది.

సమయం తక్కువగా ఉంది కాబట్టి మిగతావి త్వరగా చెబుతాను. 2001లో నార్వే ఓడ టాంపా కాపాడినవారిని ఆస్ట్రేలియా తన తీరంలో దిగనివ్వలేదు. 2018లో ఇటలీ, మాల్టా రెండూ కాదనడంతో అక్వేరియస్ నౌకలోని 629 మంది స్పెయిన్‌లోని వలెన్సియాకు వెళ్లవలసి వచ్చింది. 2020లో మాయెర్స్క్ ఎతియెన్ అనే ట్యాంకరు 27 మందిని ఎక్కించుకుని నెలకు పైగా మాల్టా దగ్గర నిలిచిపోయింది. ఇలాంటివి చూసిన కెప్టెన్లు తరువాతి పడవ కనబడితే వెనకాడే ప్రమాదం ఉంది.

2013 ఘటనపై ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2021 జనవరిలో నిర్ణయం వెలువరించింది. పడవ ఇటలీ రక్షణ ప్రాంతంలో లేకపోయినా, తొలి ఫోను అందుకున్నది రోమ్ కాబట్టి, లిబ్రా దగ్గరలోనే ఉంది కాబట్టి, ఆ మనుషుల ప్రాణాలు కాపాడే బాధ్యతలో ఇటలీ విఫలమైందని తేల్చింది. మాల్టాపై ఫిర్యాదును మాత్రం, అక్కడి కోర్టులను ముందు ఆశ్రయించలేదన్న కారణంతో స్వీకరించలేదు. ఇద్దరు ఇటలీ అధికారులపై రోమ్‌లో నడిచిన కేసు 2022 డిసెంబరులో, గడువు దాటిపోయిందన్న కారణంగా, ఎవరికీ శిక్ష పడకుండానే ముగిసింది.