మబ్బు తెల్లగా ఉంటే వానేనా?

శ్రోతలకు నమస్కారం.

2014 అక్టోబర్ 12, ఆదివారం. విశాఖలో హుద్‌హుద్ తుపాను గాలికి పొద్దున్నుంచి అద్దాలు పగులుతుంటే, తలుపుకు అడ్డంగా బీరువా జరిపి కూర్చున్నాం. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. "హమ్మయ్య, పోయింది" అనుకుంటూ మా అపార్ట్‌మెంట్ వాళ్లంతా కిందికి దిగి, పడిపోయిన చెట్లను చూస్తున్నారు. పైఅంతస్తు పెద్దాయన మాత్రం బాల్కనీలోంచి కేకేశారు. "ఇది తుపాను కన్నండీ! లోపలికి పదండి. ఈసారి గాలి అటుపక్క నుంచి కొడుతుంది."

అన్నట్టే కొట్టింది.

ఆయన చేతిలో ఏ ఫొటో లేదు, ఇంట్లో కరెంటూ లేదు. తలలో మాత్రం ఒక బొమ్మ ఉంది. నడుమ నిమ్మళంగా ఉండే కన్ను, దాని చుట్టూ గోడలా మబ్బులు, అసలు గాలంతా ఆ గోడలోనే. కన్ను దాటగానే అవతలి గోడ వచ్చి మీద పడుతుంది, గాలి దిక్కు తిరగబడుతుంది. వాతావరణం వాళ్లు దీన్ని కాన్సెప్చువల్ మోడల్ అంటారు. మనం తలలోని బొమ్మ అందాం.

ఈ బొమ్మ లేకపోతే ఉపగ్రహ చిత్రం మనల్ని బాగా మోసం చేస్తుంది. మన ఇన్సాట్ ఉపగ్రహాలు దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటే తిరుగుతూ మనవైపే చూస్తుంటాయి. రాత్రిపూట అవి చూసేది వెలుగును కాదు, వేడిని. ఆ చిత్రంలో తెల్లగా ఉన్నదంటే చల్లగా ఉన్నదని, అంటే ఎత్తున ఉన్న మబ్బని అర్థం. వానని కాదు! దూదిపింజల్లాంటి పలచని మబ్బులు కూడా తెల్లగా మెరుస్తాయి, ఒక్క చినుకూ రాల్చవు. లంబసింగి పొగమంచు సంగతి ఇంకో తమాషా. ఎదుటి మనిషి కనబడనంత దట్టంగా కమ్మినా, అది నేలంత చలిగానే ఉంటుంది కాబట్టి ఆ చిత్రంలో నేలకూ దానికీ తేడా తెలియదు.

నడిసముద్రంలో గాలి కొలిచే పరికరాలు బహు తక్కువ. మరి అక్కడి తుపాను బలం ఎలా తెలుస్తుంది? అమెరికాకు చెందిన వెర్నన్ డ్వోరాక్ 1970లలో ఒక పద్ధతి కనిపెట్టారు. ఉపగ్రహ చిత్రంలో మబ్బుల పట్టీ తుపాను నడిమి భాగాన్ని ఎంతమేర చుట్టుకుందో చూసి, 1 నుంచి 8 దాకా ఒక అంకె వేస్తారు. పావు చుట్టు అయితే చిన్న అంకె. కన్ను తేటగా తెరుచుకుని చుట్టూ మబ్బు బాగా చల్లబడితే పెద్ద అంకె. నాకు బాగా నచ్చింది దీని తర్వాతి మెట్టు. మామూలుగా బలపడే తుపాను రోజుకు సుమారు ఒక అంకె పెరుగుతుంది. నిన్నటి చిత్రం, ఇవాళ్టి చిత్రం పక్కపక్కన పెడితే రేపటిది కొంత అంచనాకొస్తుంది.

లెక్క తప్పే రోజులూ ఉంటాయి. పైగాలి, కిందిగాలి పొంతన లేకుండా వీస్తే మబ్బుల గుంపు ఒక పక్కకు నెట్టుకుపోయి, సుడి ఇంకో పక్క బోసిగా మిగిలిపోతుంది. చిత్రంలో అది కనబడిందంటే, ఆ తుపాను వెంటనే బలపడడం కష్టం. తీరం దగ్గరికొచ్చాక వానను, గాలి వేగాన్ని పసిగట్టే మన విశాఖ డాప్లర్ రాడార్ కూడా తోడవుతుంది.

ఒక్క సంగతి. వాట్సాప్‌లో తుపాను చిత్రం రాగానే టెన్షన్ పడకుండా, ముందు దాని మీద ఉన్న తేదీ, టైమ్ చూడండి. జీఎంటీ, అంటే గ్రీనిచ్ టైమ్ అని ఉంటే, మన టైమ్ కోసం ఐదున్నర గంటలు కలపండి. మొన్నామధ్య మా వీధి గ్రూపులో అందరూ కంగారుపడిన చిత్రం, తీరా చూస్తే నాలుగేళ్ల కిందటిది.

నమస్కారం.